వీపు మీద బొత్తాలు

నా చిన్నప్పుడు పుదుచ్చేరి ఉప్పళం పేటలో మా ఇల్లు గడిచేది మా అవ్వ చేతికుట్టు మీదే. ఆ ఊరి తెల్లదొరల ఇళ్లలో పుట్టిన పసిబిడ్డలకు ఆమె చొక్కాలు కుట్టేది. పని తెచ్చేది ఒక దర్జీ మేస్త్రి.

ఒకసారి ఆయన ఎవరో దొరసాని ఇచ్చిన గౌను నమూనా, అట్లాంటిదే కుట్టడానికి గుడ్డ, బొత్తాలు తెచ్చాడు. మెడ చుట్టూ గరుకు లేసు, వీపు పొడవునా పదకొండు ఎముక బొత్తాలు. మూడు నెలల బిడ్డకు! మా ఇళ్లలో పురిటిబిడ్డకు కొత్తబట్టే తొడగరు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతచీర ముక్క చుడతారు. ఆ గౌను చూడగానే అవ్వకు ఒళ్లు మండింది.

“బిడ్డ యాడ పడుకుంటాది మేస్త్రీ? వీపు మీదే గదా!”

“నీకేంది పెద్దమ్మా? చూపినట్టు కుట్టు. కాదంటే చెప్పు, ముదలియార్‌పేటలో కుట్టేవాళ్లు లేరా?”

ఆ పని పోతే మాకు గంజి కూడా ఉండదు. అవ్వ నమూనా అందుకుంది. మేస్త్రి భుజం దగ్గర చిరిగిన తన చొక్కా విప్పి, దీనికీ నాలుగు కుట్లు వేయమన్నాడు. అవ్వ చిరుగు కుట్టింది. కొత్త గౌనుకని తెచ్చిన పదకొండు బొత్తాలనూ ఆ చొక్కా వీపున వరసగా కుట్టి, మడిచి ఇచ్చింది. ఆయన చూసుకోకుండా తొడుక్కుని, ఎప్పటిలాగే మా అరుగు మీద మధ్యాహ్నపు కునుకుకు వాలాడు. వాలినంత వేగంగా లేచాడు.

“ఏంది పెద్దమ్మా ఇది!”

“దొరసాని బొత్తాలే నాయనా. మీసాలున్నోడివి, ఒక్క కునుకుకే ఓర్చుకోలేవా?”

నేను పగలబడి నవ్వాను. మేస్త్రి మాత్రం వీపు తడుముకుంటూ నమూనా గౌను మీది బొత్తాల వరస చూశాడు. “సరే, నీ ఇష్టం. దొరసాని తిట్టిందంటే ఇద్దరికీ పని పోతాది,” అన్నాడు.

అవ్వ కొత్త గౌనును ముందువైపు తెరుచుకునేలా కుట్టి, ఒక పొర మీద ఇంకో పొర వచ్చేలా మలిచి, పక్కన మెత్తటి నాడాలు వేసింది. లేసును మెడ నుంచి కింది అంచుకు దించింది.

మూడోనాడు మేస్త్రి వీధిలోంచే కేకేశాడు. “పెద్దమ్మా, బిడ్డ ఏడవకుండా నిద్రపోయిందంట! ఇట్లాంటివే ఇంకో డజను కావాలంట!”

నేను బడికి పోలేదు. నాలుగక్షరాలు నాకు నేనే నేర్చుకున్నాను. తొడుక్కునేవాడికి నోరు లేనప్పుడు కుట్టేవాళ్లే అడగాలని మాత్రం ఆ అరుగు మీదే తెలుసుకున్నాను. ఇప్పుడు అంగళ్లలో పసిపిల్లల గౌన్ల నిండా అద్దాలు, పూసలు, మెడ గీరే జరీ! చేసేవాళ్లకు సిగ్గు లేదా? మునిమనవలకు తెచ్చే ప్రతి చొక్కానూ తిరగేసి, ముందు నా చెంపకు రుద్ది చూస్తాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. గుచ్చుకునేది ఉంటే, తెచ్చినవాళ్ల ఎదుటే కత్తెర తీస్తాను. వాళ్లకేం తెలుసు, నేను ఎవరి మనవణ్నో!