చిక్కు తీసిన తొమ్మిది రోజులు

ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో ఎముకలు విరిగిన ఆడవాళ్ల వార్డు ఉంది. పద్దెనిమిది మంచాలు. అక్కడ ఇరవై రెండేళ్లు ఆయాగా పనిచేసిన మనిషిని అందరూ దువ్వెనక్క అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం, లేవగలిగినవాళ్లను మరుగుదొడ్డికి నడిపించడం ఆమె పని. తలలు దువ్వడం అందులో లేదు. అది ఆమె తనంతట తాను నెత్తికెత్తుకుంది.

చిన్నప్పుడు ఆమె జుట్టు నడుం దాకా ఉండేది. రోజూ పొద్దున్నే మేనత్త ఆమెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తడి తలనే పరపరా దువ్వి, కళ్లు పక్కలకు లాక్కుపోయేంత బిగించి జడ వేసేది. "నొప్పెడుతోందత్తా" అంటే, "కదిలావంటే మళ్లీ మొదట్నుంచీ వేస్తాను" అనేది. పంతొమ్మిదో ఏట టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టింది. కోలుకున్న రెండు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలైంది. దిండు మీద, అన్నం పళ్లెంలో, స్నానాలగది జాలీలో, ఎక్కడ చూసినా వెంట్రుకలే. మేనత్త దొరికిన నూనెలన్నీ తెచ్చి గట్టిగా రుద్దింది. ఉన్నవి కూడా ఊడాయి.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ పాయలు విడదీసి చూసి, "జ్వరం వల్ల రాలింది. కుదుళ్లు బాగానే ఉన్నాయి. ఆరేడు నెలలు ఓపిక పడితే అదే వస్తుంది" అంది.

"మందేమీ లేదా అండీ?" అని అడిగింది మేనత్త.

"కడుపునిండా తిననివ్వండి. దాని మానాన దాన్ని వదిలేయండి. తడిగా ఉన్నప్పుడు దువ్వొద్దు, తువ్వాలుతో రుద్దొద్దు, అద్దితే చాలు. జడ వదులుగా వెయ్యండి. దువ్వేటప్పుడు కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రండి. వారానికోసారి దువ్వెన కడగండి. అంతే."

సీసా కాదుగదా, చీటీ కూడా ఇవ్వలేదని మేనత్త దారంతా గొణుక్కుంటూనే వచ్చింది. పిల్ల మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. ఏడాది తిరిగేసరికి జుట్టు వచ్చింది. నడుం దాకా కాదు, భుజాల దాకా. తనకది చాలనుకుంది.

ఆసుపత్రిలో చేరాక ఆమెకు మింగుడుపడనిది ఒక్కటే. వార్డుకు వచ్చిన ప్రతి మనిషికీ మొదటిరోజే జుట్టు మెడ పైకి కత్తిరించేవారు. వారాల తరబడి వెల్లకిలా పడుకుంటే తల వెనక జుట్టు ఉండ కడుతుంది. "పేలు పడితే వార్డంతా పాకుతాయి. పద్దెనిమిది తలలు దువ్వడానికి మనకు చేతులెక్కడివి?" అనేది పెద్ద సిస్టరు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే దువ్వెనక్క ఎదురు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తనకు దొరికే అరగంటలో, ఉన్న కురచ జుట్లనే దువ్వుతూ వచ్చింది.

ఆమె చేరిన పదకొండో ఏట బస్సు కండక్టరమ్మ వచ్చింది. రిటైరై నాలుగేళ్లయింది. మెట్టు మీద జారి తుంటి విరిగి, కుడి భుజం కూడా దెబ్బతింది. అప్పటికే ఇంకో ఆసుపత్రిలో ఐదు వారాలు పడి ఉంది. అక్కడ ఆమె తలను ముట్టుకున్న పాపాన పోలేదు ఎవరూ. నెరిసిన పొడుగాటి జుట్టంతా మెడ కింద చాపముక్కలా అట్టకట్టి ఉంది. పెద్ద సిస్టరు కత్తెర పట్టుకుని వచ్చింది. కండక్టరమ్మ ఎడమ చేత్తో ఆ ఉండను పట్టుకుని, ముఖం గోడవైపు తిప్పేసింది.

"సిస్టర్, నాకు పదిరోజులు టైమివ్వండి" అంది దువ్వెనక్క.

"ఇది విడిపోయే చిక్కు కాదే."

"విడిపోకపోతే మీ కత్తెర ఎక్కడికీ పోదుగా."

పెద్ద సిస్టరు కత్తెర జేబులో వేసుకుని, "నీ అరగంటలోనే చేసుకో. పని మాత్రం ఆగకూడదు" అని వెళ్లిపోయింది.

మొదటిరోజు ఆమె దువ్వెన ముట్టనేలేదు. ఉండంతా నూనెతో తడిపి, వేళ్లతో నొక్కుతూ కూర్చుంది. రెండోరోజు స్వెటరల్లే సూదితో అంచుల్నించి నాలుగు నాలుగు వెంట్రుకలు విడదీసింది. తలమీద లాగుడు పడకుండా ఎడమచేత్తో కుదురు దగ్గర గట్టిగా పట్టుకునేది. విడిపోయిన పాయలను కట్లు కట్టే గాజుగుడ్డ పేలికలతో విడివిడిగా కట్టేది. నాలుగోరోజుకు ఉండ సగమైంది. ఆరోరోజు దువ్వెనక్కకు సెలవు. పాపం సాయం చేద్దామనుకుని ఇంకో ఆయా ఆ తలకు షాంపూ పోసి బాగా రుద్దింది. విడదీసిందంతా మళ్లీ బిగుసుకుంది. మర్నాడు దువ్వెనక్క మళ్లీ అంచుల్నించి మొదలుపెట్టింది. అన్నం మానేసి గంటసేపు కూర్చుంది.

అప్పటిదాకా ముక్తసరిగా మాట్లాడిన కండక్టరమ్మ ఆరోజు నోరు విప్పింది. "నీకిది డ్యూటీలో లేదటగా?"

"లేదమ్మా."

"మరెందుకు?"

"ఏమో. చిక్కు చూస్తే చేతులు ఊరుకోవు."

"నేనూ అంతే. సర్వీసులో ఉన్నప్పుడు ఫుట్‌బోర్డు మీద మనిషి కనబడితే నోరు ఊరుకునేది కాదు" అని కండక్టరమ్మ నవ్వింది. ఆ వార్డులో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

తొమ్మిదోరోజు దువ్వెన కుదురు నుంచి కొస దాకా ఆగకుండా జారింది. తల కింద రబ్బరు షీటు పరిచి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, తువ్వాలుతో అద్ది, దిండు మీద పరిచి ఆరబెట్టారు. పక్క మంచాలవాళ్లు మెడలు సాచి చూశారు. జుట్టు మంచం సగం దాకా వచ్చింది. కండక్టరమ్మ అద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూసుకుంది. తరువాత అద్దం బోర్లించి, "ఇక కోసెయ్యమ్మా. మెడ దాకా" అంది.

దువ్వెనక్క తను సరిగా విన్నానా అనుకుంది. "అదేంటమ్మా?"

"కుడిచెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పేశాడు. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. ఇంత జుట్టు ఒంటిచేత్తో ఎలా చూసుకోను?"

"అయితే ఆ రోజే కోయనివ్వొచ్చుగా."

"ఆ రోజు నన్నెవరూ అడగలేదే. కళ్లజోడు తీసేశారు, పళ్లసెట్టు తీసేశారు, కత్తెర పట్టుకుని వచ్చేశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎక్కడ దిగాలో అడక్కుండా నేనెవర్నీ దింపలేదమ్మా."

దువ్వెనక్కకు ఒళ్లు మండింది. తొమ్మిది రోజుల మధ్యాహ్నాలు ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయాయి. గిన్నెలు కడిగే గదిలోకి వెళ్లి, శుభ్రంగా ఉన్న దువ్వెననే మళ్లీ రెండుసార్లు కడిగింది. కోపం పూర్తిగా దిగలేదు. అయినా కత్తెర తీసుకుని వచ్చింది. ఏ పాయ ఎక్కడ మెలితిరిగిందో ఆమె వేళ్లకు అప్పటికే తెలుసు. మెడ దగ్గర సమంగా కత్తిరించింది. కండక్టరమ్మ తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, "తేలిగ్గా ఉంది" అంది. గుమ్మంలో నిలబడి పెద్ద సిస్టరు ఇదంతా విన్నది.

కండక్టరమ్మ నలభయ్యోరోజున వాకర్ పట్టుకుని, ఎడమచేత్తో తనే దువ్వుకున్న తలతో ఇంటికెళ్లింది. మరుసటి నెల నుంచి వార్డు చేరిక కాగితాల కింద పెద్ద సిస్టరు చేతిరాతతో ఒక వరస కనబడసాగింది: "జుట్టు ఉంచాలా, కత్తిరించాలా? చెప్పినది ఎవరు?" మధ్యాహ్నం అరగంట తలలకోసమని డ్యూటీ పట్టీలోకి ఎక్కింది. జుట్టు ఉంచమన్నవాళ్లకు మొదటిరోజే పక్కకు వదులుగా జడ వేసి, రెండురోజులకోసారి విప్పి దువ్వేవారు. ఉండ కట్టడం దాదాపు పోయింది. అడిగితే అందరూ ఉంచమనే అంటారని దువ్వెనక్క అనుకుంది. ఆ ఏడాది సగంమందికి పైగా కత్తిరించమనే అన్నారు. మొదట్లో ఒక్కొక్కరు అలా అన్నప్పుడల్లా ఆమెకు మనసు చివుక్కుమనేది. తరువాత అలవాటైంది.

దువ్వెనక్క రిటైరైన ఏడాది ఆసుపత్రివాళ్లు ఆ కాగితాలను కొత్తగా అచ్చు వేయించారు. పెద్ద సిస్టరు రాసిన వరస కూడా అందులో చేరింది. కాకపోతే "జుట్టు" అనేచోట "జట్టు" అని పడింది. పడేయడానికి మనసొప్పక రెండువేల కాగితాలూ అలాగే వాడారు. చదువుకున్న ముసలావిడ ఒకరు మాత్రం దాని ఎదురుగా, "నా జట్టులో ఎవరూ లేరు, నేనొక్కదాన్నే పడ్డాను" అని రాసి సంతకం పెట్టింది.