ఇంకొక్క వాన చూద్దాం

తన పని పూర్తయిందని ఎలుంగట్ ఒప్పుకోగా విన్నవాళ్లు ఈ తేసో ప్రాంతంలో ఎవరూ లేరు. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం ఆయన వృత్తి. పదిహేనేళ్లుగా బిగిస్తున్నాడు. ఆయన పెట్టిన దీపాల కింద చదువుకున్న పిల్లలు టీచర్లయి, వాళ్ల ఇళ్లకీ ఆయన చేతే దీపాలు పెట్టించుకున్నారు. అయినా పని అయిపోయిందా అని అడిగితే ఆయన చెప్పేది ఒకటే.

"ఎక్కడయింది? ఇంకొక్క వాన చూద్దాం."

ఈ మాటతో ఎవరికీ ఇబ్బంది లేకపోయింది, నేను వచ్చేదాకా. నేను జిల్లా ఇంధన కార్యాలయంలో గుమాస్తాను. నిరుడు రాజధాని కంపాలా నుంచి కొత్త పద్ధతి వచ్చింది. లైసెన్సు ఉన్న ప్రతి సోలార్ మెకానిక్ మూడు నెలలకోసారి ఒక ఫారం నింపి ఇవ్వాలి. ఎవరి ఇల్లు, ఏ ఊరు, ఎంత ప్యానెల్, ఎంత బ్యాటరీ, పని పూర్తయిన తేదీ. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి పంపడం నా పని. ఫారంతో పాటే నేనూ ఈ ఊరికి కొత్తగా వచ్చాను. మాది ఎల్గాన్ కొండల వైపు. ఇక్కడి భాష సగం అర్థమయ్యేది, మిగతా సగానికి తలూపేదాన్ని.

ఎలుంగట్ మొదటి ఫారంలో పేరు, లైసెన్సు నంబరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. వాటి కింద పెద్ద సున్నా.

"మూడు నెలల్లో ఒక్కటి కూడా బిగించలేదా, అన్నా?"

"పద్నాలుగు ఇళ్లల్లో పెట్టాను చెల్లీ."

"మరి సున్నా రాశారేం?"

"పూర్తయిన తేదీ అన్నారు కదా ఇక్కడ? పద్నాలుగింటిలో ఒక్కటీ వాన చూడలేదు. వానొక్కటే చాలదు, వడగళ్లు పడాలి. మేక తాడు వైరుకి చుట్టుకోవాలి. ప్యానెల్ నిలబెట్టిన గుంజకి చెదలు ఎక్కాలి. ఇవన్నీ అయ్యాక క్రిస్మస్‌కి అల్లుడు రావాలి."

"మధ్యలో అల్లుడెందుకు?"

"పాటల పెట్టె మోసుకొచ్చేది అల్లుడే. మామగారింట్లో కరెంటు ఊరికే వస్తోందని మూడు రోజులు డాన్సులు. ఆయన వెళ్లిన మర్నాడు కూడా దీపం వెలిగిందనుకో, అప్పుడు ఆలోచిద్దాం."

క్రిస్మస్ వెళ్లాక మళ్లీ అడిగాను.

"ఈ ఏడు అల్లుళ్లు నీరసంగా ఉన్నారు చెల్లీ," అన్నాడు విచారంగా. "ఇంకొక్క వాన చూద్దాం."

మిషన్ చర్చిలో జరిగింది ఊరంతా చెప్పుకుంటారు. రేకుల మీద ఎనిమిది ప్యానెళ్లు ఎక్కాయి, లోపల దీపాలు వెలిగాయి. ఫాదర్ మేకను కోయించారు, ఆడవాళ్లు అజోన్ కుండ తెచ్చి నడిమధ్య పెట్టారు. రాగి బీరు కుండలోకి బారెడు గొట్టాలు దించి పెద్దలంతా చుట్టూ కూర్చున్నాక, ఎలుంగట్‌ని రిబ్బను కత్తిరించమన్నారు. ఆయన కత్తెర వెనక్కి ఇచ్చేశాడు.

"పని ఇంకా కాలేదు ఫాదర్."

"దీపాలు వెలుగుతున్నాయి కదయ్యా!"

"ఇవాళ వెలుగుతున్నాయి."

ఫాదర్ చేతులు జోడించి, దాదాపు పూర్తయిన పనికి గాను దేవుడికి దాదాపు కృతజ్ఞతలు చెప్పారు. మరుసటి ఏడూ అంతే. ఆ మరుసటి ఏడూ అంతే. మూడు మేకలు పోయాయి, రిబ్బను మాత్రం ఇంకా ఉంది. ఊరివాళ్లకి ఇదే బాగుందట. పూర్తయిపోతే మేక ఉండదు.

ఆయన భార్య సలుమె వదినని ఒకసారి అడిగాను, ఇంట్లో కూడా ఇంతేనా అని.

"నాకు నలుగురు పిల్లలు. కన్యాశుల్కం కింద మా నాన్నకి పంపాల్సిన ఆవులు ఎప్పుడో పంపేశాడు. అయినా మీ పెళ్లయినట్టేనా అని అడుగు, ఏమంటాడో."

అడగక్కర్లేదు, నాకు తెలుసు.

చిత్రమేమిటంటే, ఆయన సున్నాలు ఎక్కించే నా కంప్యూటరు కూడా ఆయన పెట్టిన ప్యానెల్ మీదే నడుస్తుంది. బ్యాటరీ నా బల్ల కింద ఉంటుంది. అదీ ఫారంలో లేదు. మా ఆఫీసర్ ఒసేకు గారు ఇంకా దానికి టీ కెటిల్ తగిలించి చూడలేదట, అందుకని లేదు. ఎలుంగట్ నెలకోసారి స్పానర్ పట్టుకొచ్చి బల్ల కింద దూరి నట్లు బిగించేవాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "తిన్నావా?" అనేవాడు. తర్వాత, "ఆదివారాలు ఏం చేస్తుంటావు?" అనేవాడు.

"గదిలోనే ఉంటానన్నా."

"ఊఁ," అని వెళ్లిపోయేవాడు.

నాలుగో సున్నా వచ్చిన నాడు ఒసేకు గారు నన్ను పిలిచారు.

"ఈ మనిషి బతికే ఉన్నాడా?"

"ఉన్నారు సార్. మీ నెత్తిమీద ఫ్యాను ఆయన చలవే."

"వరసగా నాలుగు సున్నాలుంటే లైసెన్సు రద్దు. లైసెన్సు లేనివాడు కొత్తవి పెట్టకూడదు, పాతవి ముట్టుకోకూడదు. దానికి తోడు ఇదొకటి." ఒక కాగితం నా ముందుకు జరిపారు.

జనం అభిప్రాయాలు రాసుకోవడానికి పోయిన నెల ఒక బృందం బిసిన సరస్సు వైపు వెళ్లింది. అపెడెల్ అనే ముసలావిడ వాళ్లని కూర్చోబెట్టి గంటన్నర చెప్పిందట. ఆరేళ్ల కిందట మొదలెట్టిన పని ఎలుంగట్ ఇప్పటికీ పూర్తి చేయలేదు, దీపం నెలకోసారి ఆరిపోతుంది, మనిషి సోమరి, తల దువ్వుకోడు.

"శుక్రవారంలోగా ఫారం నింపించు. ఈవిడ చేత కూడా పని పూర్తయిందని వేలిముద్ర వేయించుకురా. రెండూ నా బల్ల మీద ఉంటే లైసెన్సు ఉంటుంది."

ఎలుంగట్‌ని నా ఎదురుగా కూర్చోబెట్టాను. ఆ ఏడాది పెట్టిన నలభై రెండు ఇళ్లకీ తేదీలు వేయించేసరికి పొద్దు వాలింది. ఒక్కో తేదీ కూతురికి అప్పగింతలు పెడుతున్నట్టు వేశాడు. "ఈ గుంజ కొంచెం ఒరిగింది చెల్లీ, ఇది వదిలెయ్‌రాదూ," అని ఏడుసార్లు బతిమాలాడు. అపెడెల్ పేరు ఎత్తేసరికి మాత్రం కలం మూసి జేబులో పెట్టేసుకున్నాడు.

"అవ్వది పూర్తి కాలేదు."

"ఆరేళ్లలో ఎన్ని వానలు పడ్డాయి? ఇంకేం మిగిలింది?"

"అల్లుడు రాలేదు."

"ఆవిడకి కూతుళ్లున్నారా?"

"పిల్లలే లేరు."

"మరి అల్లుడెలా వస్తాడన్నా?"

"అదే కదా చెల్లీ నేనంటున్నదీ. పూర్తి కాలేదు."

గురువారం పొద్దున ఆయన మోటార్ సైకిల్ మీద, ఒళ్లో ఆయన పనిముట్ల సంచి పెట్టుకుని వెనక కూర్చుని, నేనే ఆయన్ని బయల్దేరదీశాను. సరస్సు ఒడ్డున ఒంటరిగా ఒక గడ్డి ఇల్లు, పక్కన గుంజ మీద ప్యానెల్. ముసలావిడ వాకిట్లో వేరుశెనగలు ఒలుస్తోంది. బండి చప్పుడు ఆగకముందే అందుకుంది.

"వచ్చాడమ్మా, ఆరేళ్ల పెళ్లికొడుకు! నా దీపం చచ్చి మూడు రోజులైంది. చేపలవాడితో కబురంపితే ఇప్పటికి తీరిందా దొరగారికి?"

"ఏమైంది అవ్వా?"

"నన్నడుగుతావేం? ఎలుకలు. ఈ పిల్లెవరు? ఇద్దరొస్తున్నారని ముందే చెప్పద్దూ, రాగి ముద్ద ఒకటి తక్కువ చేశాను."

ఎలుంగట్ తడిగుడ్డ పట్టుకుని గుంజ దగ్గరికి వెళ్లాడు, ముందు ప్యానెల్ మీద దుమ్ము తుడవాలట. నేను ఊరుకోలేక ఇంట్లోకి వెళ్లి బ్యాటరీ పెట్టె మూత ఎత్తాను. ఒక వైరు ఊడి ఉంది. దాని నట్టు పక్కనే చిన్న చిప్పలో, కింద గుడ్డ ముక్క పరిచి, భద్రంగా పెట్టి ఉంది. వెనక్కి తిరిగితే అపెడెల్ గుమ్మంలో ఉంది.

"ఎలుకలు నట్టు విప్పి చిప్పలో పెట్టాయా, అవ్వా?"

ఆవిడ కళ్లు కూడా ఆర్పలేదు. "ఈ వైపు బడి మంచిదమ్మా. ఎలుకలు కూడా చదువుకున్నవే."

బయటికొచ్చి గుంజ దగ్గర గొంతు తగ్గించి అడిగాను. "అన్నా, ఆ ఎలుక ఎవరో మీకు తెలుసా?"

ఆయన తుడుస్తున్న చోటే మళ్లీ తుడిచాడు. "మొదటి ఏడే తెలిసింది. అప్పుడు మామూలు నట్టు ఉండేది. కత్తితో విప్పబోయి వేలు కోసుకుంది. అందుకే చేత్తో తిప్పే నట్టు వేశాను, అటూ ఇటూ చెవులుంటాయి చూడు, అది."

"ఆరేళ్లుగా..."

"మెల్లగా మాట్లాడు. నాకు తెలుసని తెలిస్తే మానేస్తుంది. ఒకసారి వచ్చి పోరా అని పిలిచే రకం కాదు చెల్లీ. తిట్టడానికైతే పిలుస్తుంది. పని పూర్తయిపోతే ఏమని తిడుతుంది?"

నేను నా సంచిలో ఫారం ఉన్న వైపు చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

ముగ్గురం తిన్నాం. వేరుశెనగ ముద్దలో ఉడికించిన అలసందాకు కూర. ఆవిడ తన రాగి ముద్దలో సగం తుంచి నా ముందు పెట్టి, కొండ మనుషులకి తినడం రాదని తిట్టింది. చేతులు కడుక్కున్నాక ఇక తప్పక సంగతి చెప్పాను. ఎలుంగట్ మధ్యలో రెండుసార్లు, "అదేం లేదవ్వా, ఆఫీసు మాటలు," అని అడ్డుపడ్డాడు.

"నువ్వుండరా. లైసెన్సు పోతే ఏమవుతుందమ్మాయ్?"

"ఇంక ఎవరింట్లోనూ పని చేయకూడదు. ఇక్కడికి కూడా రాకూడదు."

ఆవిడ తన ముందున్న ఖాళీ గిన్నెని అవతలికి జరిపింది. "నేనందుకు చెప్పలేదు," అంది. "ముగ్గురొచ్చారు. కూర్చున్నారు. చెప్పవ్వా అన్నారు. వింటున్నారు కదాని చెప్పుకుంటూ పోయాను." బొటనవేలు బట్ట అంచున తుడుచుకుని చాపింది. "ఏదీ, ఆ సిరా ఇలా తే. రాసుకో. పని పూర్తయింది. దీపం బ్రహ్మాండంగా ఉంది. వీడు మంచివాడు." ఒక్క క్షణం ఆగింది. "ఆ చివరి ముక్క కొట్టెయ్."

కొట్టేశాను. ఆవిడ వేలు నొక్కింది. కావలసినదానికంటే గట్టిగా నొక్కింది.

ఎలుంగట్ లోపలికి వెళ్లి వైరు తగిలించి వచ్చాడు. సంచి బకిల్ పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"అయిపోయిందిగా. ఇంక దయచెయ్," అంది అపెడెల్, వేరుశెనగల చాట వైపు చూస్తూ.

ఆయన కదల్లేదు. వాకిలి చివరనున్న కోళ్ల గూడు వైపు తల వంచి వంచి చూశాడు.

"అవ్వా, ఆ గూట్లో మరీ చీకటిగా లేదూ?"

"కోళ్లకి దీపమెందుకురా, బడికెళ్తాయా?"

"అడవిపిల్లి వస్తే?"

ఆవిడ ఒక కాయ ఒలిచి, గింజలు చాటలో వేసేంతసేపు ఆగింది. "వస్తుంది. మొన్ననే వచ్చింది. ఇంత ఉంది," అని మేకంత చూపించింది.

"చిన్న పనే. రెండు రోజులు."

"నీ రెండు రోజులు నాకు తెలీవూ? సోమరి వెధవ. వచ్చేటప్పుడు తల దువ్వుకురా."

లైసెన్సు నిలబడింది. తర్వాతి ఫారంలో తేదీలన్నీ చక్కగా ఉన్నాయి, ఒక్క వరుసలో తప్ప: అపెడెల్, కోళ్ల గూడు, ఒక బల్బు. ఆ తర్వాతి ఫారంలోనూ అంతే. మూడోసారి ఒసేకు గారు కళ్లద్దాలు తీశారు.

"కోళ్ల గూట్లో ఒక్క బల్బుకి తొమ్మిది నెలలా? ఇంకేం మిగిలిందట?"

"అల్లుడు రావాలి సార్," అన్నాను.

ఆయన కళ్లద్దాలు పెట్టేసుకుని సంతకం చేశారు.

ఆ వారం శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో అందరూ మీటింగుకి వెళ్లారు. రెండు రోజుల సెలవు ముందుంది, వెళ్లాల్సిన చోటు ఏదీ లేదు. కలం దొర్లిపోతే తీసుకోవడానికి బల్ల కిందికి వంగాను. బ్యాటరీ మీద ఇదివరకు స్పానర్‌తో తప్ప కదలని నట్టు ఉండేది. ఇప్పుడు దాని చోట కొత్తది, తళతళలాడుతూ, అటూ ఇటూ రెండు చెవులతో ఉంది. ఎప్పుడు మార్చాడో నాకు చెప్పలేదు.

కంప్యూటరు ఆపేశాను. కిందికి దిగి కూర్చుని నట్టు పట్టుకుని తిప్పాను. వేళ్లకి హాయిగా తిరిగింది. తీసి గుడ్డ ముక్క మీద పెట్టి, ఫోన్ చేశాను.

"అన్నా, మా బ్యాటరీ వైరు ఊడింది."

అవతల స్పానర్ కింద పెట్టిన చప్పుడైంది.

"ఎలుకలా?"

"ఎలుకలే."

"చదువుకున్నవేనా?"

"గుమాస్తా ఉద్యోగం కూడా చేస్తున్నట్టున్నాయి."

"ఆదివారం పొద్దున బండేసుకుని వస్తాను, మీ గది దగ్గరికి," అన్నాడు ఎలుంగట్. "మధ్యాహ్నం మా ఇంట్లో తిందువుగాని. నీకని ఒక ముద్ద ఎక్కువ చెయ్యమని మీ వదినకి చెప్తాను. బ్యాటరీ సంగతి సోమవారం చూద్దాం, అదెలాగూ ఇంకా పూర్తి కాలేదు."