ఉత్తరపు వీధిలో పెట్టిన మూట

మా మనవరాలు జాగ్రఫీలోనే పై చదువు చదువుతానంటూ, మొన్న మధ్యాహ్నం అన్నం తింటూనే ఎడమచేత్తో ఫోను పట్టుకుని, ఏ యూనివర్సిటీ ముందు పెట్టాలి, ఏది వెనక పెట్టాలి అని వేలితో పైకీ కిందకీ జరుపుతూ కూర్చుంది. తాతయ్య కూడా ఆ చదువే చదివారు కదా, ఆయన ఎలా ఎంచుకున్నారని నన్నడిగింది. నాకు సంతకం దాకానే చదువు గనక నేను చెబుతుంటే అదే రాసి పెడుతోంది. నా ఈడువాళ్ళు ఎవరైనా చదివించుకుంటే, ఇది తమ ఇంట్లో జరిగినట్టే ఉందనుకుంటారు.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా ఆయన నాకు మేనత్త కొడుకు. విజయనగరంలో బీయే అయ్యేసరికి మా పెళ్ళయి రెండో ఏడు నడుస్తోంది. అరవై ఎనిమిదో తొమ్మిదో, సరిగా గుర్తులేదు, వానలు మొదలైన రోజులని మాత్రం తెలుసు. పై చదువుకి ఆయనకి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి వాల్తేరు, రెండోది కాశీ. మా వైపు కుర్రాళ్ళకి పై చదువంటే వాల్తేరే. కాశీ మాట ఆయన కాలేజీ మేష్టారు చెవిన వేసింది. మా మామగారికి అసలు ఆ చదువే వింతగా ఉండేది.

“భూగోళం సూడ్డానికి కాశీదాకా ఏలరా? సేలో దిగితే అగుపడదేటి?” అన్నారొకనాడు.

“సేలో దిగితే సేనే అగుపడతాది నాన్నా,” అన్నారు ఈయన.

అత్త మాత్రం నవ్వలేదు. “కాశీకెల్లినోడూ కాటికెల్లినోడూ ఒకటేనంతారు. నా కొడుకు వాల్తేరే ఎల్తాడు,” అని తేల్చేసింది.

వాల్తేరైతే నేనూ వెళ్ళాలి, అదీ అత్త మాటే, కొడుకు హోటలు తిండి తినకూడదని. అక్కడ అల్లిపురంలో మా చిన్నాన్న వాళ్ళింటి వెనక ఒక గది కూడా చూసిపెట్టారు. ఏ తపేలా తీసుకెళ్ళాలి, ఏది అత్తకి ఉంచాలి అని నేను అప్పటికే మనసులో వాటాలు వేసుకుంటున్నాను. ముప్ఫైమందికి పెద్దపొయ్యి మీద వండిన పిల్లని, ఇద్దరికి ఎసరు ఎంత పెట్టాలో కూడా తెలియదు, అదే పెద్ద విచారం. కాశీ అయితే నేను కదిలేది లేదు, రెండేళ్ళు అత్త పక్కనే. ఒకసారి నూతి దగ్గర నీళ్ళు తోడుతూ అడిగాను, “ఏటి బావా, నీకెక్కడికెల్లాలని ఉన్నాది?” అని. “నాన్న ఎలగంటే అలగే,” అన్నారు. నేనూ సరే అనుకున్నాను.

వాల్తేరులో చేరడానికి గడువు శుక్రవారం, కాశీలోనూ ఆ వారం దాటితే సీటు పోతుంది. ఫీజు డబ్బేమో బుధవారం సంతయితే గాని చేతికి రాదు. అంటే ఎటైనా గురువారమే కదలాలి, గురువారమేమో దక్షిణానికి ప్రయాణం పనికిరాదు. దానికి మా పెద్దవాళ్ళు ఒక విరుగుడు పెట్టుకున్నారు, ఇప్పటి పిల్లలకి తెలియదు. మంచిరోజు చూసి మనిషి బట్టలు రెండు, పసుపు బియ్యం మూటగట్టి, వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనో ముందే పెట్టిస్తారు. ప్రస్థానం పెట్టడం అంటారు దాన్ని. మూట కదిలిందంటే మనిషి కదిలినట్టే లెక్క, ఆ తరవాత చెడ్డరోజున వెళ్ళినా దోషం లేదు. కాకపోతే పెట్టిన మూట తిరిగి ఇల్లు చేరకూడదు.

సోమవారం మంచిదన్నారు. మా ఇంటికి దక్షిణాన చినమామగారి ఇల్లు, అక్కడే పెట్టాలనుకున్నాం. ఆదివారం రాత్రి వాళ్ళమ్మాయి ప్రసవించింది. పురిటింట్లో ప్రస్థానం పెట్టరు కదా. మామగారు పొలంలో ఉన్నారు, మంచి గడియ దాటిపోతోంది. అత్త ఒక్కక్షణం ఆలోచించి, మూట చంకన పెట్టుకుని తానే వెళ్ళి ఉత్తరపు వీధిలో మామగారి అక్క, మా పెద్దప్ప ఇంట్లో పెట్టి వచ్చింది.

మామగారు వచ్చి విని గుమ్మంలోనే ఆగిపోయారు. “వాల్తేరు దక్షిణం కదే!”

“టేసను దారి ఉత్తరాన్నే కదా ఉన్నాది? కాలు ముందు ఎటు పడతాదో అటే ఎట్టాను,” అంది అత్త.

పంతులుగారికి కబురు పంపితే ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, ఉత్తరాన పెట్టిన మూటతో దక్షిణానికి వెళితే పని చెడుతుందనీ, మూటని వెనక్కి తెస్తే మనిషికే మంచిది కాదనీ చెప్పారు. అప్పుడు మామగారు కొడుకు వైపు తిరిగారు.

“ఒరే, దిక్కుల సదువు సదివినోడివి, నువ్వు సెప్పు. టేసను దారి లెక్కా, ఊరు లెక్కా?”

ఈయన ఇలాంటివన్నీ వట్టివని నవ్వే మనిషి. ఆ మాటే అంటే సరిపోయేది. లేదా దారే లెక్క అన్నా మామగారు ఊరుకునేవారు, కొడుకు చదువు మీద ఆయనకి అంత గురి. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఈయన తువ్వాలు అంచు మెలిపెడుతూ, “ఊరే లెక్క నాన్నా. వాల్తేరు దక్షిణమే,” అన్నారు. ఆ మనిషికి ఎక్కడికి వెళ్ళాలని ఉందో నాకు అప్పుడు తెలిసింది.

అత్త ఏడుపు మొదలుపెట్టి చినమామగారి ఇంటివైపు చెయ్యి తిప్పింది. “అది రెండ్రోజులాగి కంటే దాని సొమ్మేటి పోయిందే!” అంటే, ఏడుస్తున్న ఇంట్లో కూడా నవ్వు వచ్చింది. గురువారం ఈయన పెద్దప్ప ఇంట్లో మూట అందుకుని, కాశీకని కలకత్తా వైపు బండెక్కారు.

వేసవికి వచ్చేవారు, వెళ్ళేవారు. చదువయ్యాక నరసన్నపేటలో ఉద్యోగమొచ్చింది, అక్కడే కాపురం, అక్కడే పిల్లలు, ఇద్దరికి ఎసరు అక్కడే నేర్చుకున్నాను. అన్నేళ్ళు కలిసి బతికాం గాని ఆ సోమవారం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు.

ఈ రోజుల్లో ప్రస్థానం పెట్టేవాళ్ళు మా వీధుల్లో కనబడరు. పిల్లలు ఫలానా చోటికి వెళతామని నోరు తెరిచే చెబుతున్నారు, కాదంటే దెబ్బలాడుతున్నారు, మంచిదే. మాకు ఆ అలవాటు లేకపోయింది. ఎవరికి ఏ కోరిక ఉన్నా దాన్ని తీసుకెళ్ళి ఒక దిక్కు మీదో, ఒక పురుడు మీదో పెట్టేవాళ్ళం. అందుకే ఆయన నన్ను వదిలి వెళ్ళారని ఊళ్ళో ఒక్కరూ అనలేదు. ఆ మూట చాటే గనక లేకపోతే, ఆ రెండేళ్ళూ అత్త పక్కన కూర్చుని అంత నిమ్మళంగా బియ్యం చెరుగుతూ ఉండేదాన్ని కాదు.