ఆఖరి మడికి తెలుస్తది

ఫాల్గుణ బహుళ తదియ. ఎండ. గాలి లేదు. పొద్దున మా కాలువ మొదట్లో అడ్డుపడ్డ ఆకులు, పుల్లలు తీశాను. తీస్తుండగా వాగు దాటి వచ్చిన బుట్టలమ్మే ఆమె చెప్పింది, అవతలి ఊరి నీరటి నిన్న మధ్యాహ్నం చనిపోయాడని. పని ఆపలేదు. పుల్లలన్నీ అయ్యాకే గట్టు మీద కూర్చున్నాను.

తెలియనివారి కోసం రాస్తున్నాను. నీరటి అంటే నీళ్ళు పంచే మనిషి. ఈ వాగుకు ఇటు బస్తరు సంస్థానం, అటు మద్రాసు దొరల తాలూకా. రెండు ఒడ్లకు రెండు కాలువలు. ఒకటి తెరిస్తే ఇంకొకటి మూయాలి. వంతు కొలిచేది ఇత్తడి గిన్నె. దాని అడుగున సన్నని బెజ్జం. కుండనీళ్ళ మీద వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. మాకు పన్నెండు మునకలు, వాళ్ళకు పన్నెండు. ఆ కుండ వాగు నడుమ బండ మీద ఉంటుంది.

గిన్నె ముంచేది ఆయన, మా ఊరి తరఫున లెక్క రాసేది నేను. ఆయనకు అక్షరాలు రావు. నావి నేను సొంతంగా నేర్చుకున్నవే. రోజూ వంతులు ముగిసి లేచేముందు "చదువు" అనేవాడు. చదివితే విని, గిన్నెను పంచె అంచుతో తుడిచి బోర్లించేవాడు. ఇరవై ఏండ్లలో మా మధ్య మాటలు దాదాపు అంతే.

వానలు లేని ఒక ఏడు మా వంతుకు ముందు బెజ్జంలో కాస్త తేనెమైనం పెట్టాను. గిన్నె ఆలస్యంగా మునిగింది. మా వంతు కాగానే మైనం తీశాను, అంచున కాస్త మిగిలిపోయింది. మా మళ్ళు నిండాయి. వాళ్ళ కాలువ చివర ఒక ముసలమ్మ మడి నెర్రెలు వారింది. మర్నాడు ఆయన గిన్నె ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. గోటితో మైనం గీకి నా పుస్తకంలో, నిన్నటి లెక్క మీద అంటించాడు.

"గిన్నెకేం తెల్వదు బిడ్డా. ఆఖరి మడికి తెలుస్తది."

ఆ రోజు మా వంతులో ఆయన ఒక్క మునక కూడా తగ్గించలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ కాగితానికి మరక ఇంకా ఉంది.

ఇందాక మా ఊరి పెద్ద వచ్చాడు.

"అటు మనిషే లేడాయె. కొత్తోణ్ణి తోలేదాక మన కాలువ నడవనియ్యి. అడిగినప్పుడు సూద్దాం."

అవతల ఆఖరి మళ్ళు పొట్టమీద ఉన్నాయి. ఇప్పుడు నీళ్ళు తప్పితే గింజ పట్టదు. పెద్ద వెళ్ళాక బండ దగ్గరికి నడిచాను. నీరటి నిన్న పొద్దున బోర్లించిన గిన్నె అలాగే ఉంది. బెజ్జంలో గడ్డిపరక తిప్పి చూశాను. ఏమీ లేదు.

పన్నెండు ముంచాను. మా కాలువ మూసి, అటుది తెరిచాను. ఎదుటి ఒడ్డున ఎవరూ లేరు. నీళ్ళు అటు తిరిగి పోతున్నాయి.

మాకు పన్నెండు. వాళ్ళకు ఒకటి. రెండు. మూడో గిన్నె సగం నిండింది.