వెండిరెక్కల ఇస్త్రీ

ఇస్త్రీ బాబాయ్ నల్ల గౌనును తిరగేసి బల్ల మీద పరిచి, దాని చేతుల్లోకి చెయ్యి దూర్చి కుట్లు సరిచేశాడు. నల్లబట్టను పైవైపు నుంచి రుద్దితే మెరుపు తేలి పాతబడిపోయినట్టు కనిపిస్తుంది. లోపలి వైపే చేయాలి, అదీ తడిగుడ్డ పరిచి. గుడ్డ పిండుతూ వీధిలోకి చూశాడు. నిచ్చెన అప్పుడే గోడకు ఆనించి ఉంది. దాని మీద బావమరిది, చేతిలో తెల్లరంగు డబ్బా.

“బావా, చెరిపేయనా?”

“ఆగరా. చేతిలో పనుంది.”

“నీ చేతిలో పని, నా చేతిలో డబ్బా. నా చెయ్యే ముందు పడిపోయేలా ఉంది.”

చెరపాల్సింది కొట్టు పేరు. కొట్టు పెట్టిన కొత్తలో టీవీలో ఒక సీరియల్ మొదలైంది. మాట్లాడే కొండలు, మనుషుల్ని మింగే పొగమంచు, వాటి మధ్య వెండిరెక్కల రాణి. గాలివానలో యుద్ధం చేసొచ్చినా ఆమె పైవస్త్రం మీద ఒక్క ముడత ఉండేది కాదు. అది చాలు బాబాయ్‌కి, భక్తుడైపోయాడు. ‘వెండిరెక్కల ఇస్త్రీ’ అని పేరు పెట్టి, అక్షరాలకు రెండు పక్కలా బావమరిదిచేత రెక్కలు వేయించాడు. అంతా బాగానే ఉండగా, పోయిన నెల వచ్చిన చివరి భాగంలో ఆ రాణి, ఏళ్ల తరబడి పోరాడి గెలిచిన కోటను పట్టాభిషేకం రోజున ఖాళీ చేయించి, సింహాసనంతో సహా తగలబెట్టేసింది.

పొగరన్నారు. మతిపోయిందన్నారు. రాసినవాడికి రాయడం రాదన్నారు. ఆ కోపమంతా ఊరు తిరిగి కొట్టు మీదికొచ్చింది. తగలబెట్టే రాణి పేరు ఇస్త్రీ కొట్టుకా? చొక్కా ఇచ్చేవాళ్లు, “చొక్కాగానే తిరిగిస్తావా, బూడిద పొట్లం కడతావా?” అని అడగడం మొదలెట్టారు. ఇవాళ తన గౌను పట్టుకుని మేడమీది ఆఫీసు నుంచి లాయరమ్మే స్వయంగా దిగొచ్చింది. ఆ ఆఫీసు నల్లకోట్లన్నీ ఈ కొట్టుకే వస్తాయి. బాబాయ్ ఇంట్లో పొయ్యి సగం వాటి మీదే వెలుగుతుంది.

“మా వాళ్లు ఒకటే నవ్వులు బాబాయ్,” అంటూ స్టూలు లాక్కుంది లాయరమ్మ. “కోట్లు వేరే చోటికి పంపిద్దామంటున్నారు. పేరన్నా మార్చు, లేదా రాణి అలా ఎందుకు చేసిందో చెప్పి నన్నన్నా ఒప్పించు. గౌను అయ్యేదాకా టైం.”

ఒప్పించడం అంత తేలిక కాదు. చివరి భాగం చూశాక రెండు రోజులు లాయరమ్మకి ముద్ద దిగలేదట.

బాబాయ్ ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు. “లాయరమ్మా, ఆవిడ కోపంతో కాల్చలేదు. నిప్పు పెట్టే ముందు పైవస్త్రం విప్పి మెట్టు మీద పెట్టింది, చూశారా? మడత పెట్టి పెట్టింది. అదీ లోపలివైపు పైకి తిప్పి. కోపంలో ఉన్నవాళ్లు మడతపెట్టరు. మా ఇంట్లో కోపమొస్తే తువ్వాలు మంచం దాకా ఎగురుతుంది.”

“ఎవరి తువ్వాలు?” మూలన కూర్చుని గుండీలు కుడుతున్న భార్య తలెత్తకుండా అడిగింది.

“నాదేలే.”

నిచ్చెన మీద నుంచి నవ్వు వినిపించింది.

“సరే, మడత పెట్టింది. దాంతో ఏం తేలింది?” అంది లాయరమ్మ.

“ఆ వస్త్రం ఇంకెవరో వేసుకోవాలని. ఊరు ఉండాలి, ఊరిని చూసుకునే మనిషి ఉండాలి, ఆ కుర్చీ మాత్రం ఉండకూడదని.”

లాయరమ్మ స్టూలు ముందుకు జరుపుకుంది. బాబాయ్‌కి ఉత్సాహం వచ్చింది. సరిగ్గా అప్పుడే భార్య దారం కొరికింది.

“ఆ మడత రాణిది కాదయ్యా. ముందు చూపించినప్పుడు వస్త్రం కుప్పగా పడుంది. మళ్లీ చూపించేసరికి మడతలో ఉంది. మధ్యలో షూటింగులో బట్టలు చూసుకునే మనిషి చెయ్యి ఊరుకోక మడిచుంటాడు. నీలాంటివాడే ఎవడో.”

“నీ సాక్షి అడ్డం తిరిగింది బాబాయ్,” అంది లాయరమ్మ.

“నువ్వెవరి తరఫే?” అని భార్యను అడిగి, బాబాయ్ ఇక రెండు చేతులూ వాదనకే ఇచ్చేశాడు. మడత సంగతి పక్కన పెట్టండి, ఆ నడక చూడండి అన్నాడు. బల్ల వెనక ఉన్న జానెడు చోటులో రాణిలా నడిచి చూపించాడు. మెట్లు లేవు కాబట్టి ఉన్నట్టు కాళ్లెత్తాడు. వెనక్కి తిరిగి మంటను ఎలా చూసిందో చూపిస్తూ కళ్లు సగం మూశాడు. లాయరమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. బావమరిది నిచ్చెన మీంచి వంగాడు.

భార్య లేచింది. గౌను మీద మరిచిపోయిన పెట్టెను ఎత్తి నిలబెట్టి, ప్లగ్గు పీకి, వెళ్లి మళ్లీ గుండీ అందుకుంది.

కమురు వాసన అప్పుడు తగిలింది అందరికీ. తడిగుడ్డ ఆరిపోయి, దాని మీద పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ. బాబాయ్ గుడ్డ తీసి గౌను తిప్పి చూశాడు, వెలుతురుకు పట్టి మళ్లీ చూశాడు. దానికేమీ కాలేదు.

“కొట్టు పేరు నిలబెట్టేవాడివే బావా,” అన్నాడు బావమరిది.

ఈసారి భార్య మాట్లాడింది, సూదిలో దారం ఎక్కిస్తూ.

“పెట్టె ఆనించడం ఎవరికైనా వస్తుంది. ఈ ముడత పోవాలి, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఉంటే ఎత్తడమే గుర్తుండదు. ఆ కుర్చీలో రాణి వాళ్ల నాన్న అలాగే కూర్చున్నాడు, వాళ్ల అన్నా అలాగే కూర్చున్నాడు. కూర్చుంటే తనూ లేవలేనని ఆవిడకి తెలుసు. అందుకే కూర్చోకముందే కుర్చీ లేకుండా చేసుకుంది.”

లాయరమ్మ స్టూలు మూల వైపు తిప్పుకుంది. “ఈ మాట ముందే చెప్పొచ్చుగా పిన్నీ?”

“అడిగింది ఆయన్ని కదమ్మా.”

“మరి పేరు తీసేయమని తమ్ముణ్ని పిలిపించావేం?” అన్నాడు బాబాయ్.

“రాణి మీద నాకేం కోపం లేదు. పొద్దస్తమానం ఆవిడ గురించి నువ్వు చెప్పేది వినలేక.”

బాబాయ్ ప్లగ్గు మళ్లీ పెట్టాడు. కొత్త గుడ్డ తడిపి, పిండి, మళ్లీ మొదలుపెట్టాడు. భుజాలు, చేతులు, వీపు మీది కుచ్చిళ్లు ఒక్కొక్కటీ.

“ఇంతకీ చెరపనా, వద్దా? చెయ్యి లాగేస్తోంది,” అన్నాడు బావమరిది.

“వద్దు,” అంది లాయరమ్మ. “ఆ రెక్కల మీద దుమ్ము తుడిచి దిగు. కోట్లు సాయంత్రం పంపిస్తాను బాబాయ్. రాణి మాట ఎత్తేటప్పుడు మాత్రం ముందు ప్లగ్గు పీకు.”

బాబాయ్ తలూపి, గౌనును లోపలివైపు పైకి తిప్పి మడిచి, ఆవిడ చాచిన చేతుల మీద పెట్టాడు.