మిద్దె మీద మంచి మట్టి

ఆ రోజుల్లో కంబదూరు దిక్కున గట్టి వాన పడితే అదే ఒక కావ్యం. నేను చెప్పబోయేదీ మహాకావ్యమే. ఇందులో ప్రళయముంది, వీరుడున్నాడు, సర్వనాశనం అంచుదాకా వెళ్లిన కుటుంబముంది. (నిజానికి అంత లేదు. ఒక మిద్దె కారింది. కారించినవాణ్ణి నేను.)

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. గ్రామసేవకుడి శిక్షణ కొత్తగా ముగించి, పెద్దమ్మ ఇంట్లో మకాం పెట్టి, ఆ ఊరి సేద్యాన్ని ఉద్ధరించే పనిలో ఉన్నాను. శిక్షణలో మా మేష్టారు రెండు గ్లాసుల నీళ్లలో రెండు మట్టిపెళ్లలు వేసి చూపించారు. ఎరువు తిన్న చేని పెళ్ల గంటసేపైనా చెక్కుచెదరలేదు. పైరు పండని ఉప్పు నేల, చౌడు పెళ్ల చిటికెలో బురదనీళ్లయింది. పేడ, కుళ్లిన ఆకు కలిసి మట్టి రేణువులను జిగురులా పట్టి ఉంచుతాయట. ఆ తర్వాత ఆయన ఇంకేదో కూడా చెప్పారు. (అప్పుడు నేను కునుకు తీస్తున్నాను.)

మా వైపు మట్టి మిద్దెల మీద పరిచేది ఆ చౌడునే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే గానీ, గ్లాసులో దాని బతుకు చూశాక నిర్ఘాంతపోయాను. పెద్దమ్మ ముందు రెండు గిన్నెలు పెట్టి అదే ప్రయోగం చేశాను. “నీళ్లలో కరిగే మట్టిని నెత్తిన పెట్టుకొని పండుకుంటాండావు!”

“మా అత్త కాలం నుంచీ చౌడే కదరా. యానాడూ చుక్క కారలేదు.”

“మీ అత్తకు ట్రైనింగు యాడుండాది?”

ఆమె గిన్నెల్లోకి ఇంకోసారి వంగి చూసి ఒప్పుకుంది. చౌడంతా గీకి పారేసి, ఏటేటా ఎరువు కోసం గొర్రెల మంద పెట్టిన చేని మట్టిని మిద్దె నిండా పరిచాను. కింద గదిలో నాలుగు మూటల వేరుశెనగ విత్తనం ఒలిచి సిద్ధంగా ఉంది. అది పోతే ఆ ఏడు పెద్దమ్మ చేను బీడే.

ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. పావుగంటలో ఇల్లు జల్లెడయింది. నమ్మలేక మిద్దె ఎక్కాను. పెళ్లలన్నీ నిక్షేపంగా కూర్చున్నాయి. వాటి సందుల్లోంచి నీళ్లు దర్జాగా కిందికి దిగుతున్నాయి.

“ఒక్క పెళ్లా కరగలేదు పెద్దమ్మా!” అని అరిచాను. (గర్వం అంత తొందరగా చావదు.)

“నా విత్తనం నానతాండాదిరా! దిగు!”

పక్కింటి మామ గోడ మీంచి తల పెట్టాడు. “ఏమప్పా, మిద్దె మీద చేను చేసినావు, విత్తనమేసే గొర్రు ఎప్పుడు తోలతావు? చౌడు కరిగితే ఆ బురదే సందులన్నీ మూసేస్తాది. ఎరువు మట్టి నీళ్లు తాగతాది. ఇంకెందుకనుకున్యావు చేనికి మంద పెట్టేది?”

నా కునుకులో పోయిన పాఠం అదే.

పెద్దమ్మ తడిసిన మూటల పక్కన కూర్చుని ఒక్కొక్కటే విప్పింది. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి మూటలో చెయ్యి పెట్టి చూసి లేచింది. “మురిగేలోపల ఏసేయల్ల. చేనూ తడిసింది కదా. పొద్దున్నే గొర్రు కట్టండి.” మామ ఎద్దులిచ్చాడు. మరునాడు పొద్దు వాలేలోగా నాలుగు మూటలూ భూమిలో పడ్డాయి. వారం తిరక్కుండా మొలక బారులు తీరింది. ఊళ్లో మొదట మొలిచిన చేను మాదే. ఆ ఘనత ఎవరిదో పెద్దమ్మకు వివరించబోతే, ఆమె నా చేతికి బుట్ట ఇచ్చి చౌడు నేల దారి చూపించింది.

ఇరవై ఏళ్ల ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలచుకుంటే నవ్వూ, కాస్త జాలీ కలుగుతాయి. మళ్లీ మిద్దె మీదికి చౌడు ఐదు రోజులు మోశాడు. బుట్టకు బుట్ట చూస్తే ఎరువు మట్టి కంటే చౌడు బరువు. నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకోవాలి.