మంచు గీకే లస్మన్న

బహ్రెయిన్ దేశపు మనామాలోని ఐస్ మైదానంలో మంచు గీకడం లస్మన్న పని. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా, లోపల అతను రెండు చొక్కాలు తొడుక్కుని, మాటిమాటికీ వేళ్లను చంకల్లో దాచుకుంటాడు. శుక్రవారాల్లో విదేశీ దొరలు అక్కడ హాకీ ఆడతారు. ఆట అయ్యాక నెత్తుటి మరకల మీద వేడినీళ్లు పోసి, తల వంచుకుని గీకుతాడు. ఆ శుక్రవారం ఒక ఆటగాడు ఇంకొకణ్ణి గోడకేసి గుద్దాడు. దెబ్బతిన్నవాడు అదను చూసి కర్రతో వాడి మూతి పగలగొట్టాడు. రిఫరీ ఆ కర్రతో కొట్టినవాణ్ణి ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టి, మళ్లీ ఆటలోకి పంపాడు. ఆట ముగిశాక, ఒక మరక మిగిలిందని సూపర్‌వైజర్ లస్మన్న చెంప ఛెళ్లుమనిపించాడు. ఎన్నడూ ఎదురు చెప్పని లస్మన్న అతని రొమ్ము మీద చెయ్యి పెట్టి ఒక్కసారి నెట్టాడు.

సాయంత్రానికల్లా వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, కఫీల్, “ఖలాస్, ఇంటికి పో” అనేశాడు. కూలీలుండే క్యాంపులో సామాను సర్దుకుంటూ పక్కమంచం ప్రేమయ్యతో అన్నాడు లస్మన్న: “ఆళ్లు నెత్తుర్లొచ్చేటట్టు కొట్టుకుంటే జరసేపు కూసుండబెట్టిన్రు. నేను ఉత్తగ నూకిన. నన్నుగూడ గట్ల కూసుండబెడితే కాకపోవునా, అన్నా?”

“రేపు వెళ్లి కఫీల్ కాళ్ల మీద పడదాం, తమ్ముడూ.”

“ఇప్పుడే పడొచ్చిన. కాళ్లు ఎనుకకు గుంజుకున్నడు.”